నోయిడా తల్లుల దినచర్య: ప్రణాళికలకు లొంగని 201 నిమిషాలు

దేశంలో స్త్రీ పురుషులు రోజులోని ఇరవై నాలుగు గంటలను ఏ పనికి ఎంత వెచ్చిస్తున్నారో లెక్కించే కాల వినియోగ సర్వే ఫలితాలను కేంద్ర గణాంకాల మంత్రిత్వ శాఖ 2025 ఫిబ్రవరి 25న విడుదల చేసింది. 2024 జనవరి నుంచి డిసెంబరు వరకు 1,39,487 కుటుంబాల నుంచి సేకరించిన సమాచారమది. ఆరేళ్లు, అంతకు పైబడిన వయసువారిలో, జీతం లేని ఇంటిపని చేసే మహిళ రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషుడు 88 నిమిషాలు ఆ పనికి కేటాయిస్తున్నట్లు సర్వే వెల్లడించింది. 2019లో జరిగిన తొలి దేశవ్యాప్త సర్వేలో ఈ అంకెలు వరుసగా 299, 97. మహిళల ఇంటిపని పది నిమిషాలు తగ్గిందన్నది అప్పట్లో శుభవార్తగా ప్రచారంలోకి వచ్చింది. అదే పట్టికలో పురుషుల వంతు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గిన సంగతిని పట్టించుకున్నవారు తక్కువ. ఇద్దరి మధ్య అంతరం 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకు చేరింది. అయిదేళ్లలో వచ్చిన మార్పు ఒక్క నిమిషం.

ఈ అయిదేళ్లలోనే తల్లుల సమయపాలన ఒక పెద్ద వ్యాపారంగా మారింది. రోజును గడులుగా విభజించే ప్లానర్లు, పనులను రంగురంగుల జాబితాలుగా చూపే యాప్‌లు, ఉదయం అయిదింటికే లేస్తే జీవితం చక్కబడుతుందని చెప్పే వీడియోలు, వారానికి సరిపడా కూరగాయలు ఆదివారమే తరిగి పెట్టుకొమ్మనే సలహాలు ఇప్పుడు ప్రతి చేతిఫోనులోనూ ఉన్నాయి. సరుకులు పది నిమిషాల్లో గుమ్మానికి వస్తున్నాయి. పనిభారం ఎక్కువైందని ఎవరైనా అంటే, ప్రణాళిక లేకపోవడమే అసలు లోపమన్న సమాధానం సిద్ధంగా ఉంటోంది. ఇన్ని సాధనాలు చేతికి వచ్చాక కూడా ఆ 201 నిమిషాలు కదలలేదంటే, లోపం తల్లుల క్రమశిక్షణలో ఉందా, లేక రోజు నిర్మాణంలోనే ఉందా అన్నది పరిశీలించవలసిన ప్రశ్న. అందుకు నోయిడా తగిన ఉదాహరణ.

1976 ఏప్రిల్ 17న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పారిశ్రామిక నగరంగా ఏర్పాటు చేసిన నోయిడా ఇప్పుడు ఢిల్లీ చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతంలో కీలక భాగం. సెక్టార్ 62లోనూ, ఎక్స్‌ప్రెస్‌వే వెంబడీ సాఫ్ట్‌వేర్ సంస్థలు, ఫేజ్ 2లో ప్రత్యేక ఆర్థిక మండలి, హోజరీ కాంప్లెక్సులో దుస్తుల కర్మాగారాలు, వాటి మధ్య ఇరవై, ముప్పై అంతస్తుల నివాస సముదాయాలు, ఆ సముదాయాల గోడల పక్కనే బరోలా, హోషియార్‌పూర్, ఛలేరా వంటి పాత గ్రామాలు. ఇక్కడ తెలుగు కుటుంబాలు కూడా గణనీయంగానే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు, బడికి వెళ్లే ఒకరిద్దరు పిల్లలు, వెయ్యి మైళ్ల దూరంలో అమ్మానాన్నలు, అత్తమామలు. అక్కాచెల్లెళ్లు, వదినలు, మేనత్తలు పిలిస్తే పలికేంత దూరంలో ఉండే ఊరి జీవితం ఇక్కడ లేదు. ఒక పూట పిల్లవాణ్ని చూసుకోమని అడగడానికి కూడా ముందుగా ఏర్పాటు చేసుకోవలసిన ఊరు ఇది.

నాలుగు గంటల నుంచి నాలుగు గంటల వరకు

సర్వే పద్ధతిలో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. సర్వే సిబ్బంది వచ్చిన రోజుకు ముందు రోజు తెల్లవారుజామున నాలుగు గంటలతో లెక్క మొదలై, మరునాటి నాలుగు గంటలతో ముగుస్తుంది. ఆ ఇరవై నాలుగు గంటలను అరగంటల చొప్పున నలభై ఎనిమిది భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో ఏ పని చేశారో నమోదు చేస్తారు. ఒకే అరగంటలో పలు పనులు జరిగితే వాటినీ రాసుకునే వీలుంది.

ఈ కొలబద్దతో నోయిడాలోని ఒక ఉద్యోగిని ఉదయాన్ని ఊహించుకోవచ్చు. బడి బస్సు గేటు దగ్గరికి ఏడింటికి అటూ ఇటూగా వస్తుంది. అంతకు ముందు రెండు టిఫిను డబ్బాలు, ఒకటి పది గంటల విరామానికి, ఇంకొకటి మధ్యాహ్నానికి. ఆ రోజు వ్యాయామం ఉంటే తెల్ల బూట్లు, లేకపోతే నల్లవి. పనిమనిషి రాక, ఆమె రానంటూ పంపిన సందేశం, తాగునీటి క్యాను, గేటు దగ్గరి భద్రతా సిబ్బంది నుంచి ఫోను. ఎనిమిదిన్నరకు ఆఫీసు క్యాబు, లేదా మెట్రో. 2019లో మొదలైన ఆక్వా లైన్ సెక్టార్ 51 స్టేషను నుంచి, పక్కనే ఉన్న బ్లూ లైన్ సెక్టార్ 52 స్టేషనుకు మారడానికి ఒకదానిలోంచి బయటికి వచ్చి ఇంకొకదానిలోకి వెళ్లవలసిందే. ఒంటరిగా వెళ్లే ఉద్యోగికి అది అయిదు నిమిషాల నడక. చంటిబిడ్డను డేకేర్‌లో దింపి వెళ్లే తల్లికి అది వేరే లెక్క. నగర రవాణా ప్రణాళికలు సాధారణంగా ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి అనే రెండు ప్రయాణాలనే దృష్టిలో ఉంచుకుంటాయి. తల్లుల ప్రయాణం బడి, డేకేర్, మందుల దుకాణం, కూరగాయల బూతు అంటూ ముక్కలు ముక్కలుగా సాగుతుంది.

మన వంటింటికి ప్రణాళిక కొత్త విద్యేమీ కాదు. రేపటి ఇడ్లీకి ఈ మధ్యాహ్నమే మినప్పప్పు నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులియాలి. పడుకునే ముందు పాలు గోరువెచ్చగా ఉండగా తోడు వేయాలి. ఏ సమయపాలన పుస్తకమూ చదవని మన అమ్మమ్మలు పదహారు గంటల ముందుచూపుతోనే వంటిల్లు నడిపారు. నోయిడాలో జనవరి వస్తే ఈ గడియారం కూడా మారుతుంది. రాత్రి చలి నాలుగైదు డిగ్రీలకు దిగినప్పుడు పిండి పొంగదు, పెరుగు తోడుకోదు. కోస్తాలో ఒక రాత్రిలో అయ్యే పనికి ఇక్కడ మరో సగం రోజు కలపాలి. ఇవన్నీ తెలిసి, గుర్తుంచుకొని, సమయానికి కదిలే ఒక మనిషి ఆ ఇంట్లో ఉండాలి.

ఆ గుర్తుంచుకోవడం సర్వే అరగంటల్లో ఎక్కడా కనిపించదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, 35 జంటలను పరిశీలించి, ఇంటిపనిలోని ఈ ఆలోచనా భాగాన్ని నాలుగు దశలుగా విడదీశారు: రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దానికి ఉన్న మార్గాలు వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, జరిగిందో లేదో చూసుకోవడం. నిర్ణయించే దశలో భర్తలు తరచూ పాలుపంచుకుంటున్నారనీ, మొదటి, చివరి దశలు మాత్రం ప్రధానంగా భార్యల మీదే పడుతున్నాయనీ ఆమె గమనించారు. ఈ విభజన మన ఇళ్లకు ఎంత సరిపోతుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పిల్లవాణ్ని ఏ బడిలో చేర్చాలన్న చర్చలో నాన్న ఉంటారు. దరఖాస్తు గడువు ఎప్పుడన్నదీ, పుట్టిన తేదీ ధ్రువపత్రం ఏ బీరువాలో ఉందన్నదీ అమ్మకు తెలియాలి.

పనులు జాబితాగా రాసుకుంటే భారం తగ్గుతుందన్న సలహా ఇక్కడే తడబడుతుంది. జాబితా రాయడం కూడా ఒక పని. ఎవరు రాస్తున్నారన్నదే అసలు విషయం. డేవిడ్ ఆలెన్ 2001లో వెలువరించిన ప్రసిద్ధ పుస్తకం మొదలుకొని, ఈ కోవలోని పద్ధతులు చాలావరకు ఆఫీసు బల్లను దృష్టిలో పెట్టుకొని పుట్టినవే. పని చేసే మనిషికి తన సమయం మీద ఎంతో కొంత అధికారం ఉంటుందన్నది వాటి మూల భావన. జ్వరం వచ్చిన మూడేళ్ల పిల్ల దగ్గర అలాంటి అధికారం ఎవరికీ ఉండదు.

యంత్రం వచ్చింది, పని పోలేదు

అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రచురించిన గ్రంథం ఒక వింతను వివరించింది. పారిశ్రామిక యుగంలో ఇంట్లోకి వచ్చిన యంత్రాలు ఇంటిపనిని తగ్గించాయి కానీ, తగ్గిన పనిలో పెద్ద వాటా మగవారిది, పిల్లలది. పొయ్యి మారి కట్టెలు కొట్టే పని పోయింది, పిండి సంచుల్లో దొరికి ధాన్యం మరకు మోసే పని పోయింది. వండటం, ఉతకడం, శుభ్రం చేయడం మిగిలాయి. వాటి ప్రమాణాలు కూడా పెరిగాయి. తెలుగు నాట కూడా జరిగింది దాదాపు ఇదే. బావిలో నీళ్లు తోడటం, కట్టెలు చీల్చడం, మిల్లుకు వడ్లు తోలడం మగవారి వంతుగా సాగిన ఇళ్లు ఎన్నో. కుళాయి, గ్యాసు, బియ్యం బస్తా వచ్చి వారిని విముక్తుల్ని చేశాయి. మిక్సీ వచ్చాక పచ్చడి రోజూ తాజాగా ఉండాలన్న ఆశ పెరిగింది. వాషింగ్ మెషీను వచ్చాక ఒక్కసారి తొడిగిన చొక్కా కూడా ఉతుకుకు పడుతోంది.

ఫోను యాప్‌లది ఇప్పుడు అదే దారి. పది నిమిషాల్లో కొత్తిమీర వస్తుంది, నిజమే. కానీ కొత్తిమీర అయిపోయిందని ఎవరో గమనించాలి, ఆర్డరు పెట్టాలి, తలుపు తీయాలి, వాడిపోయి ఉంటే ఫిర్యాదు చేయాలి. వారానికి ఒక్కసారి సంతకు వెళ్లే కాలంలో ఒక పూటలో ముగిసిన పని, రోజంతా తుంపర్లుగా పడుతోంది. బడి వాట్సాప్ బృందం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రేపు పసుపు రంగు దుస్తుల్లో రావాలన్న కబురు ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. ఆ బృందాల్లో తండ్రుల సంఖ్య ఎంతో ఎవరికి వారు చూసుకోవచ్చు.

ఆఫీసు గడియారం

2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పురస్కారం అందుకున్న క్లాడియా గోల్డిన్, స్త్రీ పురుషుల వేతనాల మధ్య తేడాకు ఒక కారణంగా అత్యాశ ఉద్యోగాలను చూపారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికే వారికి గంట లెక్కకు మించిన ప్రతిఫలం ఇచ్చే ఉద్యోగాలవి. దంపతుల్లో ఒకరు అలాంటి కొలువు చేస్తే, రెండోవారు ఇంటి పిలుపుకు పలకవలసి వస్తుంది. ఆ రెండోవారు ఎక్కువగా తల్లులే.

నోయిడాలో ఈ సూత్రం గడియారం ముల్లులా కనిపిస్తుంది. ఇక్కడి సాఫ్ట్‌వేర్, సేవా సంస్థలకు అమెరికా ప్రధాన విపణి. మన సాయంత్రం ఆరున్నర న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. అక్కడి వారి తొలి సమావేశాలు సరిగ్గా ఇక్కడ పిల్లల హోంవర్కు, స్నానం, భోజనం వేళకు వచ్చి పడతాయి. ఏ ప్రణాళికా పుస్తకమూ ఆ రెండింటినీ వేరు చేయలేదు. ఎందుకంటే ఒక కొసను పిల్లల నిద్ర పట్టుకొని ఉంది, రెండో కొసను భూభ్రమణం పట్టుకొని ఉంది. ఆ సమావేశాలను వారంలో రెండు రోజులకు కుదించడం, చిన్నపిల్లలున్న ఉద్యోగులకు ఉదయపు వేళలను కేటాయించడం సంస్థ చేయగలిగిన పని. ఒక తల్లి తనంత తానుగా అడిగితే అది నిబద్ధత లేకపోవడంగా నమోదయ్యే ప్రమాదం ఉంది. తండ్రులు కూడా అడగడం మొదలుపెడితే ఆ ముద్ర నిలవదు.

ఇంటి నుంచి పని అనే వెసులుబాటును ప్రభుత్వాలు మహిళలకు అనుకూలమైన మార్గంగా చూస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 ఫిబ్రవరి 11న, మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని అవకాశాలు కల్పించే ఆలోచనను ప్రకటించారు. పట్టణాల్లో, మండలాల్లో ఐటీ కార్యాలయ స్థలాలను అభివృద్ధి చేసే ప్రస్తావన కూడా అందులో ఉంది. ఈ రెండోదే ఎక్కువ ప్రయోజనకరమని చెప్పవచ్చు. ఇంట్లో కూర్చుని పని చేసే తల్లిని ఇంట్లో ఉన్న మనిషిగానే చూస్తారు. తలుపు గంట మోగితే లేవవలసింది ఆమే. ఇంటికి దగ్గరలో, కానీ ఇంటి బయట ఒక బల్ల ఉండటం వల్ల ప్రయాణం తగ్గుతుంది, పనివేళకు ఒక హద్దు ఏర్పడుతుంది.

పని చేయడానికి ముందుకు వస్తున్న మహిళలు పెరుగుతున్నారన్నది మాత్రం వాస్తవం. శ్రామికశక్తి సర్వేల ప్రకారం పదిహేనేళ్లు, ఆపై వయసున్న పట్టణ మహిళల్లో శ్రామికశక్తి భాగస్వామ్యం 2017-18లో 20.4 శాతం, 2023-24లో 28 శాతం. ఆఫీసు గంటలు పెరిగిన మేరకు ఇంటి గంటలు తగ్గాలి. సగటుల్లో ఆ తగ్గుదల పది నిమిషాలకు మించలేదు. ఒక హెచ్చరిక అవసరం: 289 నిమిషాలూ, 88 నిమిషాలూ ఆయా పనుల్లో పాల్గొన్నవారి సగటులు మాత్రమే. 2019 సర్వేలో ఇంటిపనిలో పాల్గొన్న మహిళలు 81.2 శాతం కాగా, పురుషులు 26.1 శాతం. అంటే ఆ తక్కువ నిమిషాలు కూడా నలుగురిలో ఒక్కడైన, ఎంతో కొంత చేయి కలిపే మగవాడివి. మిగిలిన ముగ్గురి లెక్క సున్న.

నవంబరులో ఏమవుతుంది

ఉత్తరాదిలోని తెలుగు ఇళ్లకు అమ్మమ్మలు, నానమ్మలు ఒక అప్రకటిత సంస్థ. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో వచ్చి కొన్ని నెలలు అమ్మ, కొన్ని నెలలు అత్తగారు అంటూ వంతులు వేసుకొని మనవల్ని చూసుకుంటారు. కూతురి ఉద్యోగం నిలబడటం వెనుక వారి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఢిల్లీ చలి వారికి సరిపడదు. దీపావళి దాటగానే తిరుగు ప్రయాణం కడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ గాలి విషమిస్తుంది, బడులు మూతపడతాయి.

2024 నవంబరు ఇందుకు సాక్ష్యం. గాలి నాణ్యత తీవ్రస్థాయికి పడిపోవడంతో ఆ నెల 18 నుంచి రాజధాని ప్రాంతంలో కాలుష్య నియంత్రణ ప్రణాళిక నాలుగో దశ అమల్లోకి వచ్చింది. నోయిడా ఉన్న గౌతమబుద్ధ నగర్ జిల్లాలోనూ తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి. పిల్లల ఊపిరితిత్తుల దృష్ట్యా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ ఆరేళ్ల పిల్లవాడి ఆన్‌లైన్ తరగతి అంటే పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి. బడులు మూసే ఉత్తర్వులో ఆ పెద్దమనిషి ఎవరన్నది ఉండదు. ఆఫీసులకు ఆమేరకు వెసులుబాటు ఇవ్వాలన్న మాటా గట్టిగా వినిపించదు.

అదే నెల 25న సుప్రీంకోర్టు, ఆన్‌లైన్ సదుపాయాలు లేని పిల్లలు చదువుకూ, బడులు మూతపడటంతో మధ్యాహ్న భోజనానికీ దూరమవుతున్నారనీ, ఇళ్లలో గాలిశుద్ధి యంత్రాలు లేనివారికి ఇంట్లో ఉన్నా, బడిలో ఉన్నా తేడా లేదనీ ప్రస్తావించి, సడలింపులను పరిశీలించవలసిందిగా గాలి నాణ్యత నిర్వహణ కమిషన్‌కు సూచించింది. ఆ వెంటనే బడికి రావడమా, ఆన్‌లైన్‌లో చదవడమా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలే మిశ్రమ విధానం వచ్చింది. ఇష్టం తల్లిదండ్రులదే కానీ, రోజూ ఉదయం గాలి సూచీ చూసి, దగ్గు విని, బస్సు ఉందో లేదో కనుక్కొని ఆ ఇష్టాన్ని తేల్చే పని ఒకరికే దక్కింది.

కోర్టు ప్రస్తావించిన ఆ పిల్లల తల్లులు ఇదే నగరంలో, తరచూ ఇవే ఇళ్లలో పని చేస్తున్నారు. అపార్ట్‌మెంటు తల్లి ఉదయం నడవడానికి ఆధారం బరోలా నుంచో, భంగేల్ నుంచో నాలుగైదు ఇళ్ల పనికి బయలుదేరే మరో తల్లి. ఆమె తన పిల్లల టిఫిను ఎప్పుడు కడుతుంది? బడి మూతపడితే ఆమె పిల్లలకు మధ్యాహ్న భోజనమూ ఉండదు, చేతికి ఫోనూ ఉండదు. 2025 మార్చిలో ఒక పెద్ద సేవా సంస్థ పావుగంటలో పనిమనిషిని పంపే సేవను ముంబయిలో ప్రారంభించి, పేరు మీద విమర్శలు రావడంతో పేరు మార్చుకుంది. తీరిక లేని తల్లికి కొనుక్కోగలిగిన సమయం దొరుకుతోంది, నిజమే. అది ఇంకో తల్లి సమయం. ఇంటి పనివారి హక్కుల కోసం చట్టబద్ధమైన వ్యవస్థను పరిశీలించాలని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది. ఇంటి పనివారిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడికను భారత్ ఇంకా ధ్రువీకరించలేదు. వారపు సెలవు, పనిగంటల హద్దు వంటివి ఈ ఇళ్లలో ఇప్పటికీ యజమానురాలి మంచితనం మీదే ఆధారపడి ఉన్నాయి.

న్యాయస్థానం వేసిన లెక్క

ఇంటి గృహిణి సమయానికి విలువ కట్టే సందర్భం మన వ్యవస్థలో ఒకటుంది. అది ఆమె మరణించినప్పుడు. 2014లో ఢిల్లీలో జరిగిన రోడ్డు ప్రమాదంలో మరణించిన దంపతుల కుటుంబానికి పరిహారం విషయమై సుప్రీంకోర్టు 2021 జనవరి 5న తీర్పునిచ్చింది. న్యాయమూర్తులు ఎన్.వి. రమణ, ఎస్. అబ్దుల్ నజీర్, సూర్యకాంత్‌లతో కూడిన ధర్మాసనమది. కృష్ణా జిల్లాకు చెందిన రమణ ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. నజీర్ ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్ గవర్నరు. పరిహారాన్ని 22 లక్షల రూపాయల నుంచి 33.20 లక్షలకు పెంచిన ఆ తీర్పులో జస్టిస్ రమణ విడిగా రాసిన అభిప్రాయం, 2019 కాల వినియోగ సర్వే అంకెలనే ఆధారంగా తీసుకుంది. 2011 జనగణనలో ఇంటిపనినే ప్రధాన వ్యాపకంగా చెప్పుకున్న మహిళలు దాదాపు 15.98 కోట్ల మంది కాగా, పురుషులు 57.9 లక్షల మంది అని ఆయన గుర్తు చేశారు. గృహిణి ఆదాయాన్ని నామమాత్రంగానైనా నిర్ణయించడం, ఆమె శ్రమను గుర్తించడమేనని వివరించారు. 2001 నాటి ఒక కేసులో ఇదే సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువను నెలకు మూడు వేల రూపాయలుగా అంచనా వేసింది. ఆ స్థాయి నుంచి ఇది ముందడుగే. బతికున్న తల్లి గంటల మాట అటుంచితే.

ఆ గంటలను కొందరు ఒక్క రోజు ఆపి చూపించారు. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో సుమారు తొంభై శాతం మహిళలు ఆఫీసు పనీ, ఇంటి పనీ మానేసి వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది అక్కడి పార్లమెంటు సమాన హక్కుల చట్టం చేసింది.

ఇంట్లో చేయగలిగినవి, చేయలేనివి

ప్రణాళిక వృథా అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తీరిక లేని తల్లికి రేపటి ఉదయం రేపే వస్తుంది, విధానాల మార్పు కోసం ఆగదు. అయితే ప్రణాళిక దేనికన్నది తేల్చుకోవాలి. ఉన్న పనినంతా ఒక్కరే మరింత వేగంగా చేయడానికా, పనిని పంచడానికా?

పంచడానికైతే సర్వే పద్ధతే మంచి సాధనం. ఒక వారం పాటు భార్యాభర్తలిద్దరూ, తెల్లవారుజాము నాలుగు నుంచి మొదలుపెట్టి, అరగంట అరగంటకు తామేం చేశారో ఒక కాగితం మీద రాసుకొని, ఆదివారం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. వాదనలకు లొంగని విషయాలు తరచూ అంకెలకు లొంగుతాయి. రాసేటప్పుడు చేతిపనితో పాటు తలలో పనిని కూడా ఒక మూల గుర్తుపెట్టాలి: టీకా తేదీ గుర్తు చేసింది ఎవరు, పుట్టినరోజు కానుక కొనాలని తోచింది ఎవరికి?

రెండోది, పనిని ముక్కలుగా కాక మొత్తంగా అప్పగించడం. అమెరికా రచయిత్రి ఈవ్ రాడ్‌స్కీ 2019లో తెచ్చిన పుస్తకం ఇంటిపనులను నూరు చీటీలుగా చేసి, ఒక చీటీ తీసుకున్నవారు ఆ పని ఆలోచన, ఏర్పాటు, అమలు మూడూ చూసుకోవాలని సూచించింది. మన ఇళ్లలో భర్తలు సాయం చేయరని కాదు. ఏం తేవాలో చెప్పు, తెస్తాను అంటారు. ఆ చెప్పడంలోనే సగం పని ఉంది. పిల్లల డాక్టరు వ్యవహారం నాన్నదైతే, అపాయింట్‌మెంటు, మందుల చీటీ, మళ్లీ వెళ్లవలసిన తేదీ అన్నీ ఆయనవే. ఒకసారి మరిచిపోతే మరిచిపోనివ్వాలి కూడా. అమ్మ వెంటపడి గుర్తు చేస్తే ఆ పని తిరిగి ఆమెదే అవుతుంది. ఇది చెప్పినంత తేలిక కాదు. పిల్లవాడు తెల్ల బూట్లు లేకుండా బడికి వెళ్తే డైరీలో గమనిక వచ్చేది, ఇరుగుపొరుగు వేలెత్తి చూపేది తల్లినే. అందుకే ఈ పంపకంలో బడికీ వంతుంది. తొలి ఫోను ఎప్పుడూ అమ్మకే చేయడం మానుకోవచ్చు. కబుర్లు రోజుకు ఒక్కసారి, నిర్ణీత వేళకు పంపవచ్చు.

చిన్న చిన్న సర్దుబాట్లు ఇంకా ఉన్నాయి. వారపు వంటను ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించడం ఫోను యాప్ కన్నా మేలు, ఎందుకంటే దాన్ని ఇంట్లో అందరూ చూస్తారు. రోజూ రెండు కూరలు ఉండాలన్న పట్టింపు సడలించవచ్చు. ఇవి ఎవరింటికి వారు తేల్చుకునేవి.

ఇంట్లో తేలని వాటిలో మొదటిది శిశు సంరక్షణ కేంద్రం. ఇందులో తెలుగువారికి ఒక గర్వకారణం ఉంది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. అంతకు చాలా ముందే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన అనుభవం ఆమెది. పని చేసే తల్లుల పిల్లల కోసం దేశవ్యాప్తంగా క్రెష్‌లు నడపడంలో ఆ మండలి దశాబ్దాలపాటు పాత్ర వహించింది. 2022లో మండలి మూతపడింది. క్రెష్‌ల పథకం ఇప్పుడు మిషన్ శక్తిలో భాగంగా పాల్నా పేరుతో సాగుతోంది; అంగన్‌వాడీలనే క్రెష్‌లుగా కూడా నడిపే ఏర్పాటు అందులో ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల వరకు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటల సేవ. ఉద్దేశం మంచిదే. కానీ హోజరీ కాంప్లెక్సులో కుట్టుమిషను మీద పనిచేసే తల్లికి ఎనిమిది గంటల షిఫ్టు, మధ్యలో విరామం, రానూపోనూ ప్రయాణం కలిపితే పది గంటలు దాటుతుంది. ఆ రెండున్నర గంటలు పిల్ల ఎక్కడుండాలి? ఇంటి పని చేసే తల్లికైతే తెల్లవారుజామున ఆరింటికే ఆ తలుపు తెరిచి ఉండాలి.

రెండోది చట్టం. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం సెలవును 26 వారాలకు పెంచింది. యాభై, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చనీ నిర్దేశించింది. ఈ సెలవు వేతన భారమంతా యాజమాన్యాలదే కావడం, తండ్రి సెలవు ప్రస్తావన లేకపోవడం వల్ల, పిల్లల పెంపకం మహిళా ఉద్యోగి తెచ్చే ఖర్చు అన్న భావనకు చట్టమే తావిచ్చిందన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి క్రెష్ నిబంధనను కొనసాగిస్తూ, పలు సంస్థలు కలిసి ఉమ్మడిగా నడుపుకొనే వీలునూ కల్పించింది. నోయిడా వంటి చోట ఇది ఉపయోగపడే మార్గం. ఒకే సెక్టారులో పక్కపక్కన ఉన్న పది చిన్న కర్మాగారాలు ఒక మంచి కేంద్రాన్ని నడపగలవు. అయితే క్రెష్ ఎంత దూరంలో ఉండవచ్చన్నది చట్టం ప్రభుత్వ నియమాలకే వదిలింది. నాలుగుసార్లు వెళ్లి రావడానికి తల్లికి హక్కుంది. ఆ కేంద్రం కర్మాగారం గేటు పక్కన ఉంటే అది ఇరవై నిమిషాల పని. రెండు సెక్టార్ల అవతల ఉంటే ఒక్కసారి కూడా వెళ్లలేని హక్కు.